కోడలు పెట్టిన దుకాణం

మా కోడలిది దుకాణమని ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. దుకాణమంటే గల్లా ఉండాలి, తక్కెడ ఉండాలి, అప్పు అడిగేవాడు ఒకడైనా గుమ్మంలో నిలబడాలి. ఆమె దుకాణానికి అవేవీ లేవు. కంప్యూటర్ లోపల ఎక్కడో ఉండేది.

మా ఆయన పోయిన మరుసటి ఏడు కొడుకు నన్ను రియాద్‌కు తెచ్చుకున్నాడు. వాడు ఒక మెయింటెనెన్స్ కంపెనీలో సైటు సూపర్‌వైజర్. తెల్లవారగానే సులైలోని కంపెనీ గోదాముకు పోయేవాడు. మనుషుల్ని బండ్లెక్కించి పనులకు పంపి, చీకటి పడ్డాక వచ్చేవాడు. మనవరాలు బడికి పోయేది. పగలంతా రెండు గదుల ఇంట్లో అత్తాకోడళ్లం ఇద్దరమే. కిటికీలకు గరుకు అద్దాలు. వెలుతురు వస్తుంది కానీ బయట ఏముందో కనిపించదు. తెరిచి చూద్దామంటే పరుపుల మీద వేలెడు దుమ్ము. మిద్దె మీదికి పోయే తలుపు తాళం వాచ్‌మన్ దగ్గర ఉండేది. వడియాలు పెట్టుకోవాలన్నా వాడిని బతిమాలాలి. కారు నడిపేది కొడుకొక్కడే. శుక్రవారం నాడు వాడికి ఓపిక ఉంటే బయటి గాలి, లేకపోతే అదీ లేదు.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. దుబారా అంటే నాకు ఒళ్లు మంట. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టి ఇల్లు తుడిపించేదాన్ని. మనిషి లేని గదిలో లైటు వెలిగితే ఎవరినైనా తిట్టేదాన్ని. అందుకే పొద్దస్తమానం ఆ కంప్యూటర్ ప్లగ్గులోనే ఉండడం నాకు గిట్టలేదు.

"ఏం జేస్తవే ఆ డబ్బల మొఖం పెట్టి?" అని అడిగితే, "పని మర్చిపోతనేమోనని అత్తమ్మా, అలవాటు తప్పకుంట చేస్తున్న" అనేది.

పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో వెబ్‌సైట్లు తయారు చేసేది. ఈ దేశంలో ఉండడానికి ఇచ్చే కార్డును ఇకామా అంటారు. ఆమె ఇకామా మీద పని చేయరాదని రాసి ఉంది. నా దాని మీదా అదే రాసి ఉంది. నాకు దాంతో వచ్చిన నష్టం లేదు. ఆమెకు ఉంది.

వంటయ్యి బట్టలు ఆరేసేదాకా కంప్యూటర్ తెరవొద్దని నేను కట్టడి పెట్టాను. ఎదురు చెప్పలేదు. ఎనిమిది గంటలకల్లా వంట, బట్టలు, గిన్నెలు అన్నీ ముగించి కూర్చునేది. తప్పు పట్టడానికి నాకు ఏమీ మిగిల్చేది కాదు. అది ఇంకా కోపం.

మొదట ఆమె చేసింది పచ్చళ్లకు. మా బిల్డింగులో ఐదారుగురు ఆడవాళ్లు పచ్చళ్లు, పిండివంటలు చేసి తెలిసినవాళ్లకు అమ్మేవాళ్లు. ఎవరికి ఏం కావాలో ఫోన్లో నొక్కితే చాలు, చేసేవాళ్లకు తెలిసేటట్టు ఒకటి తయారు చేసింది. అందరూ మెచ్చుకున్నారు. ఒక్కరూ వాడలేదు. "మాట్లాడి చెప్పుకుంటే రెండు ముచ్చట్లు గూడ అయితయి గదక్కా" అంది కింది ఇంటామె. రెండోది బడి వ్యానుకు. వ్యాను వీధి మలుపు తిరగగానే తల్లుల ఫోన్లకు కబురు వచ్చేటట్టు. డ్రైవరు అంతా విని, "మేడం, మై హారన్ బజాతా హూఁ నా" అన్నాడట. 

ఆ రోజు నేను కడుపు పట్టుకుని నవ్వాను. "హారన్‌కు పోటీగ యాపారం పెడ్తవానే?" అన్నాను. తనూ నవ్వింది. మళ్లీ పోయి డబ్బా ముందు కూర్చుంది.

మూడోది నా జాకెట్టు వల్ల పుట్టింది.

అక్కడ ఆడవాళ్ల బట్టలు కుట్టేది మగ దర్జీలే. ఒంటికి టేపు పెట్టరు. మనకు సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి చేతికి ఇవ్వాలి. అదే ఆది. దాన్ని పరిచి కొత్తది కోస్తారు. ప్రతి ఆడదానికీ ఆదికని దాచుకున్న జాకెట్టు ఒకటి ఉంటుంది. చినిగినా పారేయదు. నాది పన్నెండేళ్లది. మా వీధి చివర కడప వైపు నుంచి వచ్చిన ముస్లిం దర్జీ ఒకాయన ఉండేవాడు. ఆయన నా ఆది జాకెట్టును మూటల్లో ఎక్కడో పోగొట్టాడు.

"ఈ మూటల్లోనే యాడో ఉంటాదమ్మా, యాడికి పోతాది" అన్నాడు.

"యాడికి పోతదో నువ్వు చెప్పాలె. కాళ్లొచ్చినయా దానికి?"

"నీ మాదిరి అరిచేవాళ్లు దినానికి నలుగురొస్తారు తల్లీ. రేపు రాపో."

నా పక్కన నిలబడిన కోడలు అరవలేదు. కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తోంది. గుట్టలు గుట్టలుగా పాత జాకెట్లు, కమీజులు. ఒక్కోదానికి పిన్నుతో గుచ్చిన చీటీ. చీటీలు రాలి నేల మీద పడి ఉన్నాయి. నా జాకెట్టు నెల తర్వాత ఇంకెవరి మూటలోనో దొరికింది. అప్పటికి కోడలు తన పని మొదలుపెట్టేసింది. ఆది ఒక్కసారి తెస్తే చాలు. దర్జీ దాని ఫోటో తీస్తాడు, కొలతలు రాస్తాడు, మనిషి ఫోన్ నంబరు కింద దాచుకుంటాడు. బట్ట వెంటనే వెనక్కి ఇచ్చేస్తాడు. మళ్లీ ఎప్పుడు వచ్చినా నంబరు కొడితే కొలతలన్నీ వస్తాయి. చంక బిగుతుగా ఉండాలని చెప్పిన మాట కూడా అందులోనే ఉంటుంది.

దాన్ని ఆ కడప దర్జీకి రెండు నెలలు ఊరికే ఇచ్చింది. "ఊకెనే ఇస్తె యాపారమెట్లయితది?" అని నేను వారం రోజులు సణిగాను. రెండు నెలలు నిండాక, రేపటి నుంచి బంద్ చేస్తానని చెప్పింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. "వద్దు తల్లీ. అది లేకుంటే ఇప్పుడు నాకు చెయ్యాడదు. నెలకింతని చెప్పు, ఇస్తా" అన్నాడు.

అట్లా మొదటి బేరం కుదిరింది. ఆయన చుట్టం ఒకడు ఖమీస్ ముషైత్‌లో దుకాణం పెట్టుకున్నాడు, అతను తీసుకున్నాడు. తర్వాత హైదరాబాద్‌లో ఇద్దరు. తర్వాత నేను పేరు కూడా పలకలేని దేశాల దర్జీలు. ఎక్కడో ఒకామె పెళ్లి గౌన్లు కుట్టేదట, ఆమె రాత్రింబగళ్లు ఏదో అడుగుతూ ఉత్తరాలు పెట్టేది. కోడలు ఓపికగా జవాబు రాసేది. మీద ఆఫీసరు లేడు, పక్కన సాయం లేదు. తప్పు దొరికితే తానే దిద్దేది, కోప్పడ్డవాళ్లకు తానే సర్దిచెప్పేది. డబ్బు ఊళ్లో తన పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాలో పడేది. ఒకరోజు నేను కూరగాయలు తరుగుతూ, "నీ దుకాణంల గిరాకెట్లున్నది?" అని అడిగాను. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ మాట నా నోట అదే మొదటిసారి.

ఆ ఏడే కొడుకు కంపెనీ రెడ్‌లో పడింది. అక్కడ ప్రతి కంపెనీ కొంతమంది సౌదీలను పనిలో పెట్టుకోవాలి. పెట్టుకున్నదాన్ని బట్టి కంపెనీకి ఒక రంగు. దాన్ని నితాఖత్ అంటారు. గ్రీన్ అయితే అన్నీ నడుస్తాయి. రెడ్ అయితే పనివాళ్ల ఇకామాలు రెన్యూ కావు. కొడుకు ఇకామా గడువు తీరింది. వాడి ఇకామాకు వేలాడుతున్న మా ముగ్గురివీ తీరిపోయాయి. దానికి తోడు ఇంట్లో ఉన్న ఒక్కో మనిషికి నెలకు ఇంతని లెవీ వచ్చింది. ఏటికేడు పెరుగుతుందన్నారు. ఉండాలంటే ఇకామా కావాలి, అది రెన్యూ కాదు. పోవాలంటే ఎగ్జిట్ వీసా కొట్టాలి, ఇకామా లేనిది అదీ కొట్టరు. వేరే కంపెనీవాళ్లు ఎవరైనా వాడిని తీసుకుని, పాత బకాయిలు కట్టి, తమ పేరు మీదికి మార్చుకుంటేనే దారి. ఎవరినడిగినా చూద్దామనేవాళ్లు.

మా బిల్డింగు ఖాళీ అవుతూ వచ్చింది. ఇకామా ఉన్నవాళ్లు ఉండగానే భార్యాపిల్లల్ని విమానం ఎక్కించేశారు. మెట్ల మీద రోజుకొక మంచం దిగేది. మాకంటే ముందు తెలివిగా పోయినవాళ్ల ఇళ్ల తలుపులు వరుసగా మూసి ఉండేవి. పై అంతస్తులో మనిషి అడుగు చప్పుడు లేదు.

కొడుకు సులైకి పోవడానికి కూడా సందుల్లోంచి తిరిగి పోయేవాడు, చెకింగ్‌లో దొరుకుతానని. జీతం మూడు నెలలకు ఒకసారి, అదీ సగం. శుక్రవారం బయటికి పోవడం బంద్ అయింది. మనవరాలికి జ్వరం వస్తే ఇన్సూరెన్స్ కార్డు పని చేయలేదు. వచ్చే టర్ముకు ఇకామా కాపీ లేకుండా కూర్చోనివ్వబోమని బడి నుంచి కాగితం వచ్చింది. ఆ ఇంట్లో సంసారం నడిచిందంటే దర్జీలు కట్టే డబ్బుతోనే నడిచింది. 

ఇక నేను చేసిన తప్పు రాయాలి.

బతుకమ్మకు మావాళ్లు ఊరి బయట ఒక ఇస్తిరాహా కిరాయికి తీసుకుంటారు. చుట్టూ ఎత్తు గోడ, లోపల కాస్త గడ్డి, ఒక హాలు. ఆ ఏడు పక్కింటివాళ్ల కారులో నేనూ మనవరాలూ పోయాం. కోడలు రాలేదు. ఆడి కూర్చున్నాక పట్టుచీర కట్టుకున్న ఒకామె నా పక్కన చేరింది. ఆమె భర్త పెద్ద కంపెనీలో మేనేజరని అందరికీ తెలుసు.

"పిన్నీ, మీ కొడుకు కంపెనీ రెడ్‌ల పడ్డదంట గదా. ఎట్ల ఎల్తుంది మరి?" అంది. గొంతులో జాలి ఉంది. నాకు జాలి పడదు.

"ఎల్లకేం?" అన్నాను. "మా కోడలు ఇంట్ల కూసొని దర్జీల దుకాణం నడుపుతది. యాడాడి దేశాలకెల్లి పైసలొస్తయి. ఇంటి పనంత నా నెత్తి మీదనే పడ్డది. ఏం జెప్పుకోనమ్మా నా బాధ."

ఇంటి పనంతా నా నెత్తిన ఎప్పుడూ పడలేదు. అత్తలు కోడలి గొప్ప చెప్పుకోవాలంటే ఫిర్యాదులాగే చెప్పాలి. ఇంకోలా మాకు రాదు. ఆమె, "అవునా, ఏం దుకాణం పిన్నీ అది?" అని అడిగింది. జాకెట్ల ఫోటోల దగ్గర నుంచి పెళ్లి గౌన్లామె దాకా నేను అంతా చెప్పాను.

మూడు వారాలకు మేనేజరు మా ఇంటికి వచ్చాడు. మిఠాయి డబ్బా తెచ్చాడు. సోఫాలో కూర్చుని చాయ్ తాగుతూ కొడుకుతో మాట్లాడాడు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మాది గ్రీన్ కంపెనీ. మీ కేస్ చూశాను. రెడ్‌లో ఉన్నవాళ్లని తీసుకోవడానికి పాత కఫీల్, అదే ఓనర్, పర్మిషన్ కూడా అక్కర్లేదు. ట్రాన్స్‌ఫర్, ఓల్డ్ డ్యూస్, ఫ్యామిలీ లెవీ, అన్నీ మేము క్లియర్ చేస్తాం" అన్నాడు.

కొడుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "సార్, మీ మేలు..." అంటున్నాడు.

"ఒక్కటే ఉంది. మా కఫీల్‌కి టైలరింగ్ షాపులున్నాయి. మేడం చేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు మీదికి వచ్చేయాలి. కస్టమర్లతో సహా. మా మిసెస్‌కి పెద్దమ్మగారే అంతా చెప్పారట. వండర్‌ఫుల్ ప్రోడక్ట్ అమ్మా."

కోడలు నా వైపు తిరిగి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"అది నేనొక్కదాన్నే చేసిన సార్," అంది, మేనేజరుతో. "షాపులకు వాడుకోండ్రి, ఫ్రీగ ఇస్త. పేరెందుకు?"

"వాడుకోవడం కాదమ్మా, ఓనర్‌షిప్. అయినా డిపెండెంట్ వీసా మీద బిజినెస్ అంటే ఇక్కడ ఎంత రిస్కో మీకు తెలుసుగా. నేనెవరికీ చెప్పనులెండి." చాయ్ కప్పు కింద పెట్టాడు. "థర్స్‌డేలోపు చెప్పండి."

మేనేజరు మెట్లు దిగిపోయాడు. కొడుకు గోడకు చెప్పినట్టు, "నేనైతే ఏమంట? నీ ఇష్టం" అన్నాడు. ఆమె, "నా ఇష్టమే అయితే ఇయ్య" అంది. 

వాడు తల పట్టుకున్నాడు. "మరి పోరి బడి?"

"తెలుసు."

"దొరికితె నన్ను జైల్ల పెడ్తరు."

"తెల్వదా నాకు? అన్నీ తెలుసు. అయినా ఇయ్య బుద్ధయితలేదు." తర్వాత నా వైపు చూసి, "మీరు చెప్పుండ్రి అత్తమ్మా" అంది.

నేను ఇరవై ఏళ్లు బీడీలు చుట్టాను. మాకు కార్ఖానా కార్డు ఉండాలి. కార్డు ఉంటే పీఎఫ్, పింఛను. నాకు కార్డు దొరకలేదు. ఇంకొకామె కార్డు మీద చుట్టాను. ఆకు నేను కత్తిరించాను, తంబాకు నేను నింపాను, నడుము నాది వంగిపోయింది, గంపలో పోసిన బీడీలు మాత్రం ఆమె పేరున పడేవి. ఆమె మంచిదే, కూలీ డబ్బు ఎన్నడూ ఎగ్గొట్టలేదు. ముసలితనంలో పింఛను ఆమెకు వచ్చింది. నాకు దగ్గు వచ్చింది. ఒకసారి కార్ఖానా మున్షీ దగ్గరికి పోయి, సగం బీడీలు నావని చెప్పాను. "నీ పేరేడున్నది చూపియ్యి" అని రిజిస్టరు నా ముందుకు తోశాడు. మూడో తరగతి చదువు ఆ రోజు అక్కరకు వచ్చింది. పేజీ అంతా చదివాను. లేదు.

ఈ సంగతి కోడలికి తెలుసు. అందుకే నన్ను అడిగిందని నాకు తెలుసు. నేను వద్దంటే ఆ ఇంట్లో ఆ మాట నిలిచేది. కొడుకు మారు మాట్లాడేవాడు కాదు.

మనవరాలు గదిలో పాఠం పైకి చదువుతోంది. రేపటి బడికి. ఎన్ని రేపులున్నాయో దానికి తెలియదు.

"ఇచ్చెయ్ బిడ్డా" అన్నాను.

ఆమె తల ఊపింది. మొఖం కడుక్కుని వచ్చింది. "అయితె ముందు ట్రాన్స్‌ఫర్ కావాలె. నలుగురివి ఇకామాలు చేతికొచ్చినంకనే ఇస్త. ఆ మాట నేనే చెప్త సారుకు" అంది. చెప్పింది కూడా. ఫోన్ తానే చేసింది. ఆయన మొదట నవ్వాడట, తర్వాత గీచి గీచి బేరమాడాడట, చివరికి సరేనన్నాడు. ఇచ్చాక ఆ పని మీద ఉట్టి చాకిరీ చేయనని కూడా రాయించుకుంది. అంతకు మించి మా చేతిలో ఏమీ లేదు.

ఇకామాలు వచ్చాయి. నాలుగు కార్డులూ బల్ల మీద పెట్టి కొడుకు ఒక్కోదాన్ని తిప్పి తిప్పి చూశాడు. మనవరాలు తన ఫోటో చూసుకుని ముక్కు బాగా రాలేదంది. ఆ శుక్రవారం వాడు మమ్మల్ని కారులో ఎక్కించి మెయిన్ రోడ్డు మీదనే పోయాడు. చెకింగ్ దగ్గర పోలీసు కార్డు చూసి పొమ్మన్నాడు. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏం కనిపిస్తుందని అడగలేదు నేను.

మరుసటి వారం ఆఫీసు నుంచి ఒకడు వచ్చాడు. మలయాళీ, మర్యాద తెలిసినవాడే. మూడు రోజులు హాల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పరాయి మగవాడు కాబట్టి తలుపు తెరిచి నేను ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. ఒక్కో తాళం ఆమె విప్పి చెబుతుంటే అతను రాసుకున్నాడు. ఏ దర్జీకి ఏం ఇబ్బంది ఉంది, పెళ్లి గౌన్లామెకు జవాబు ఎట్లా రాయాలి, అన్నీ చెప్పింది. పిల్లను అప్పగించేటప్పుడు ఇది తినదు, దీనికి ఇది పడదు అని చెప్పినట్టు చెప్పింది. ఏదీ దాచలేదు. మూడో రోజు చివర అతను తెర మీద కింద ఒక మూలను చూపించి, ఇబ్బందిపడుతూ, "మేడం, యే భీ హటానా హై" అన్నాడు. 

"ఏందది?" అని అడిగాను నేను.

"నా పేరత్తమ్మా. ఎవరు చేసిన్రో కింద చిన్నగ రాసి పెట్టిన. ఎవరూ చూడరు." 

ఆమె నాలుగైదు అక్షరాలు చెరిపింది. చెరపడానికి ఎంతోసేపు పట్టలేదు. అతను దండం పెట్టి లేచాడు. ఆమె కంప్యూటర్ మూసి, వైరు చుట్టి, గదిలోకి పోయి పడుకుంది.

ఆ పూట నేను వండాను. వంకాయ కూర, పప్పు. పిలిస్తే వచ్చి కూర్చుంది. కొడుకూ మనవరాలూ తింటున్నారు. ఆమె రెండు ముద్దలు తిని ఆగింది. మా ఇంటికి వచ్చిన నాటి నుంచి నా చేతి వంటకు వంక పెట్టినది కాదు.

"కూరల ఉప్పెక్కువైంది అత్తమ్మా" అంది. నా మొఖంలోకి సూటిగా చూస్తూ అంది.

కొడుకు తల ఎత్తాడు. ఏదో అనబోతే కంటితోనే ఆపాను. నేను ఒక ముద్ద కలుపుకుని తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

"ఔ బిడ్డా," అన్నాను. "ఎక్కువైంది."